నాలుగేళ్ల వెలి

సభకు నమస్కారం. గ్రంథాలయ వారోత్సవాల్లో ఒక సైనికుడి జీవితం గురించి మాట్లాడమని నిర్వాహకులు నన్ను అడిగారు. నేను భారత వైమానిక దళంలో ఇరవై ఏళ్లు ఇంజను ఫిట్టరుగా పనిచేసినవాడిని. మన పైలట్లలో చెప్పుకోవలసినవారు చాలామంది ఉన్నారు. వారి గురించి మరో రోజు చెప్పుకుందాం. ఈ సాయంత్రం మాత్రం ఒక అమెరికా పైలట్ కథ చెబుతాను. ఆయన పేరు బెంజమిన్ ఆలివర్ డేవిస్ జూనియర్. నల్లజాతి మనిషి. పుట్టింది 1912 డిసెంబరు 18న, వాషింగ్టన్ నగరంలో.

ఆయననే ఎందుకు ఎంచుకున్నానంటే, ఆయన జీవితంలో ఒక ఘట్టం ఉంది. అమెరికా వాళ్లు దానికి 'సైలెన్సింగ్' అని పేరు పెట్టుకున్నారు. మనకు ఆ పరాయి మాట అక్కరలేదు. మన దగ్గర రెండక్షరాల మాట ఉంది. వెలి.

నా చిన్నతనంలో మా ఊళ్లో ఒక కుటుంబాన్ని వెలి వేశారు. కారణం ఇప్పుడు అనవసరం. నిప్పు ఇవ్వకూడదు, నీళ్లు ఇవ్వకూడదు, కొట్టులో ఉప్పు కూడా అమ్మకూడదు, చాకలి వెళ్లకూడదు, మంగలి వెళ్లకూడదు. వాళ్లతో మాట్లాడినవారికి జరిమానా. ఆ ఇంటి పిల్లవాడు నా తరగతే. అంతకు ముందు రోజు దాకా ఒకే పలక మీద ఇద్దరం లెక్కలు చేసుకున్నాం. మర్నాడు బడిలో వాడు నా పక్కకు వచ్చి కూర్చున్నాడు. నేను లేచి వేరే వరుసలోకి వెళ్లాను. నన్ను ఎవరూ కొట్టలేదు, బెదిరించలేదు. అందరూ లేచారని నేనూ లేచాను. వాడు నా వైపు చూసిన చూపు ఈ వయసులో కూడా నాకు గుర్తుంది. డేవిస్ గారి గురించి మొదటిసారి చదివినప్పుడు నాకు ఆ పిల్లవాడే కళ్ల ముందు నిలిచాడు. అందుకే ఈ కథ.

ముందు తండ్రి గురించి చెప్పాలి. తండ్రి పేరు కూడా బెంజమిన్ డేవిసే. సాధారణ సిపాయిగా చేరి, పరీక్ష రాసి, 1901లో అధికారి అయినవాడు. నల్లజాతి అధికారి తెల్ల సిపాయిలకు ఆజ్ఞలు ఇచ్చే పరిస్థితి రాకూడదని సైన్యం ఆయనను ఎప్పుడూ పక్కదారుల్లోనే తిప్పింది. నల్లజాతి కళాశాలల్లో సైనిక విద్య బోధించడం, లైబీరియాలో రాయబార కార్యాలయంలో పని, ఇలాంటివే. చిన్న బెంజమిన్‌కు తల్లి మూడేళ్ల వయసులోనే పోయింది. తండ్రి మళ్లీ పెళ్లి చేసుకున్నాడు.

ఆ కుటుంబం అలబామా రాష్ట్రంలోని టస్కీగీలో ఉన్నప్పుడు జరిగిన సంగతి ఇది. మొదటి ప్రపంచ యుద్ధంలో పనిచేసిన నల్లజాతి సైనికుల కోసం అక్కడ ఒక ఆసుపత్రి కట్టారు. అందులో నల్లజాతి డాక్టర్లే ఉండాలన్న ఆలోచన వచ్చేసరికి కూ క్లక్స్ క్లాన్ వాళ్లు, అంటే తెల్లవారి పెత్తనం కోసం హింసకు దిగే ముఠావాళ్లు, మండిపడ్డారు. ముసుగులు వేసుకుని, కాగడాలు పట్టుకుని ఊరిలో ఊరేగింపు తీస్తామన్నారు. ఆ రాత్రి ఎవరూ బయటికి రావద్దు, దీపాలు ఆర్పేసుకోండి అని ఊళ్లో నల్లజాతి కుటుంబాలకు కబురు అందింది. వీధంతా చీకటి. పెద్ద డేవిస్ మాత్రం తన తెల్లని సైనిక దుస్తులు వేసుకుని, భార్యాపిల్లలను వెంటబెట్టుకుని అరుగు మీదికి వచ్చి కూర్చున్నాడు. అరుగు దీపం వెలిగించి ఉంచాడు. ఆ వీధిలో వెలుగుతున్న దీపం అదొక్కటే. కాగడాలు వచ్చాయి, ఇంటి ముందు నుంచి వెళ్లాయి. తండ్రి ఒక్క మాట అనలేదు, కుర్చీలోంచి కదలలేదు. పిల్లవాడికి అప్పుడు పదేళ్లు. మాట లేకుండా నిలబడి ఉండటం అతను అక్కడే నేర్చుకున్నాడని నా నమ్మకం.

పదమూడో ఏట, 1926 వేసవిలో, వాషింగ్టన్ దగ్గరి బోలింగ్ ఫీల్డులో డబ్బు తీసుకుని జనాన్ని విమానంలో తిప్పే పైలట్ ఒకడు ఉండేవాడు. తండ్రి ఐదు డాలర్లు ఇచ్చి కొడుకును ఎక్కించాడు. పైన కప్పు లేని విమానం, మొహానికి కొట్టే గాలి, కింద చిన్నదైపోయిన రాజధాని. దిగేసరికి కుర్రవాడు పైలట్ కావాలని తీర్మానించుకున్నాడు. అమెరికా సైన్యంలో అప్పటికి నల్లజాతి పైలట్ ఒక్కడూ లేడు. 1925లో ఆ దేశపు సైనిక యుద్ధ కళాశాల ఒక నివేదిక రాసింది. నల్లజాతి వారికి తెలివి తక్కువ, ధైర్యం తక్కువ, నాయకత్వానికి పనికిరారు అని అందులో ఉంది. అదేదో కరపత్రం కాదు, సైన్యం తన విధానాలకు ఆధారంగా పెట్టుకున్న పత్రం.

వెస్ట్ పాయింట్ అని అమెరికా సైనిక అకాడమీ, హడ్సన్ నది ఒడ్డున ఉంటుంది. అందులో చేరాలంటే కాంగ్రెస్ సభ్యుడి సిఫారసు కావాలి. అప్పటికి ఆ దేశ కాంగ్రెస్ మొత్తంలో నల్లజాతి సభ్యుడు ఒక్కరే, షికాగోకు చెందిన ఆస్కార్ డిప్రీస్ట్. ఆయన సిఫారసు చేశారు. ప్రవేశ పరీక్షలో మొదటిసారి డేవిస్ తప్పారు. పట్టుబట్టి చదివి మళ్లీ రాసి, 1932 జూలైలో చేరారు.

మొదటి కొద్ది రోజులు బాగానే గడిచాయి. కొత్తవాళ్లందరికీ పడే తిట్లే ఆయనకూ పడ్డాయి. తరవాత ఒక సాయంత్రం తలుపు తట్టి, పది నిమిషాల్లో కింద మరుగుదొడ్ల గదిలో సమావేశం ఉందని ఎవరో చెప్పారు. అందరితో పాటు తనకూ చెప్పారనుకుని ఆయన బయలుదేరారు. మెట్లు దిగుతుంటే లోపలి నుంచి మాటలు వినిపించాయి. "ఈ నల్లవాడిని ఏం చేద్దాం?" ఆ ప్రశ్నలో వాళ్లు వాడిన పదం ఇంకా హీనమైనది, ఈ సభలో దాన్ని పలకను. సమావేశం తన గురించేనని ఆయనకు అర్థమైంది. మెల్లగా వెనక్కి తిరిగి గదికి వెళ్లిపోయారు.

ఆ మర్నాటి నుంచి నాలుగేళ్లు ఎవరూ మాట్లాడలేదు. నాలుగేళ్లంటే ఎంతో ఒక్కసారి ఊహించండి. ఉద్యోగరీత్యా తప్పనిసరైన ఆజ్ఞ, తరగతిలో పాఠానికి సంబంధించిన ప్రశ్న, అంతే. గదిలో తోడు లేరు, ఆయన ఒక్కరే. భోజనశాలలో ఏ బల్ల దగ్గర కూర్చోవాలన్నా అక్కడివారి అనుమతి అడగాలి. కూర్చున్నాక ఎవరూ పలకరించరు. ఆటల పోటీలకు అందరినీ తీసుకువెళ్లేటప్పుడు బండిలో ఆయన పక్క సీటు ఖాళీ. వేలకు వేల మాటలు చుట్టూ తిరుగుతున్నాయి, ఒక్కటీ ఆయన దగ్గర ఆగదు. వెలి ఉద్దేశం ఎప్పుడూ ఒకటే. మనిషి తనంతట తానే లేచి వెళ్లిపోవాలి. వెళ్లగొట్టామన్న పాపం మాత్రం ఎవరికీ అంటకూడదు.

ఆయన వెళ్లలేదు. ఆ నాలుగేళ్లలో ఆయనకు మనిషి అనిపించిన తోడు అగాథా స్కాట్. వారాంతాల్లో వచ్చి కలిసేది. ఆమెతోనే ఆయన మాట్లాడుకునేది. 1936 జూన్ 12న పట్టా అందుకున్నారు. 276 మందిలో 35వ స్థానం. వెస్ట్ పాయింట్ నుంచి పట్టా పొందిన నల్లజాతి వారిలో ఆయన నాలుగోవారు. ఆయన ముందు వ్యక్తి చార్లెస్ యంగ్ పట్టా అందుకున్నది 1889లో. మధ్యలో నలభై ఏడేళ్ల ఖాళీ. జూన్ 20న అదే అకాడమీ ప్రార్థనా మందిరంలో అగాథాను పెళ్లి చేసుకున్నారు.

ఆ సంవత్సరం విద్యార్థులు వేసుకున్న సంచికలో డేవిస్ ధైర్యాన్నీ పట్టుదలనూ మెచ్చుకుంటూ, సహాధ్యాయుల అభిమానం పొందాడని రాశారు. ఈ సంగతి చదివి నేను పుస్తకం మూసి చాలాసేపు కూర్చున్నాను. అభిమానం ఉంటే నాలుగేళ్లలో ఒక్కరైనా ఒక్కసారైనా "తిన్నావా?" అని అడగలేకపోయారా? మిగిలిన 275 మందిలో దుర్మార్గులు కొద్దిమందే ఉండి ఉంటారు. తక్కినవారంతా అందరూ లేచారని లేచినవారు. నా లాంటివారు. సంఘంలో వెలిని నడిపేది వేసినవాడు కాదు, పాటించినవాడు.

పట్టా అందుకోకముందే, 1935 అక్టోబరులో, ఆయన వైమానిక విభాగానికి దరఖాస్తు పెట్టారు. శరీరం పనికి వచ్చింది, చదువు పనికి వచ్చింది. వైమానిక విభాగంలో నల్లజాతి దళాలు లేవు, పెట్టే ఉద్దేశం కూడా లేదు, కాబట్టి తీసుకోలేం అని జవాబు వచ్చింది. ఆయనను జార్జియాలోని ఫోర్ట్ బెన్నింగ్‌లో పదాతి దళానికి పంపారు. పేరుకు సెకండ్ లెఫ్టినెంట్, అధికారుల క్లబ్బులోకి మాత్రం ప్రవేశం లేదు. అక్కడ ఉన్న అధికారుల్లో ఆయన సహాధ్యాయులు కూడా ఉన్నారు. వాళ్లు అక్కడా మాట్లాడలేదు. ఈసారి వెలి ఇద్దరిది. అగాథా గారితో అధికారుల భార్యలు కూడా మాట్లాడలేదు. ఆ రోజుల్లో, మత బోధకులను పక్కన పెడితే, మొత్తం అమెరికా సైన్యంలో నల్లజాతి అధికారులు ఇద్దరే. ఒకరు తండ్రి, ఒకరు కొడుకు. తండ్రికి పట్టిన గతే కొడుక్కీ పట్టింది. టస్కీగీ కళాశాలలో సైనిక పాఠాలు చెప్పమని పంపారు.

దారి తెరిపించింది ఎన్నికలు. 1940లో అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ మూడోసారి పోటీ చేస్తున్నాడు. నల్లజాతి ఓట్లు కావాలి. ఆ అక్టోబరులోనే పెద్ద డేవిస్‌ను బ్రిగేడియర్ జనరల్ చేశారు. అమెరికా సైన్యంలో తొలి నల్లజాతి జనరల్ ఆయనే. నల్లజాతి పైలట్లకు శిక్షణ ఇచ్చి ఒక ప్రత్యేక దళం ఏర్పాటు చేయాలని 1941 మొదట్లో ఆజ్ఞలు వచ్చాయి. ప్రత్యేకం అంటే విడిగా అని. ఊరవతల ఇంకొక వాడ కట్టినట్టే. అయినా ఆ వాడలోనైనా విమానం ఉంది.

1941 జూలైలో టస్కీగీలో తొలి బృందం మొదలైంది. పదమూడుగురు. వారిలో అప్పటికే అధికారి హోదా ఉన్నవారు డేవిస్ ఒక్కరే. రెండు రెక్కల స్టియర్‌మన్ విమానం మీద ఓనమాలు, తరవాత పెద్ద శిక్షణ విమానాలు. 1942 మార్చి 7న పైలట్ అర్హతకు గుర్తుగా ఇచ్చే రెక్కల బిళ్ల అందుకున్నవారు ఐదుగురు. డేవిస్, జార్జ్ రాబర్ట్స్, లెమ్యుయెల్ కస్టిస్, చార్లెస్ డిబౌ, మ్యాక్ రాస్. అక్కడి శిక్షణను తరవాత నడిపిన నోయెల్ ప్యారిష్ దక్షిణాది తెల్లవాడు. ఈ కుర్రవాళ్లను పైలట్లుగా చూశాడు, అంతకన్నా వాళ్లు కోరుకున్నదీ లేదు. ఆయన పేరు ఇక్కడ చెప్పడం న్యాయం.

ఫిట్టరుగా నేను ఇంకొకరిని కూడా తలచుకోవాలి. పైలట్లు పుట్టకముందే ఆ దళానికి మెకానిక్కులు పుట్టారు. 99వ స్క్వాడ్రన్ 1941 మార్చిలో ఇల్లినాయ్‌లోని చనూట్ ఫీల్డులో మొదలైంది. అక్కడ ఇంజన్లు, ఆయుధాలు, వైర్‌లెస్ పరికరాల పని నేర్చుకున్నవారు రెండు వందల యాభైకి పైగా నల్లజాతి కుర్రవాళ్లు. విమానం నేల మీద ఉన్నంతసేపు అది ఫిట్టరుది. పైలట్ సంతకం పెట్టి తీసుకున్నాక అతనిది. తిరిగి వచ్చేదాకా మేము ఆకాశం వైపు చూస్తూ ఉంటాం. లెక్కపెట్టుకుంటాం. వెళ్లినవి ఎన్ని, వచ్చినవి ఎన్ని. ఆ లెక్క తగ్గిన రోజు చేతిలో పానా అలాగే ఉండిపోతుంది. పేర్లు పుస్తకాలకు ఎక్కని ఆ మనుషులు లేకుండా ఈ కథ లేదు.

1943 ఏప్రిల్‌లో, లెఫ్టినెంట్ కల్నల్ డేవిస్ నాయకత్వంలో 99వ స్క్వాడ్రన్ ఓడలో ఉత్తర ఆఫ్రికాకు బయలుదేరింది. పి-40 విమానాలు. జూన్ 2న తొలి యుద్ధ ప్రయాణం, పాంటెల్లేరియా అనే ఇటలీ ద్వీపం మీదికి. జూలై 2న చార్లెస్ హాల్ అనే పైలట్ శత్రు విమానాన్ని కూల్చాడు. దళానికి అది మొదటిది.

ఇప్పుడు ఈ కథలో నాకు అన్నిటికన్నా ముఖ్యమనిపించే భాగానికి వస్తున్నాను. బాంబులూ తుపాకులూ లేని భాగం ఇది. ఒక గది, ఒక బల్ల, కొన్ని కాగితాలు, అంతే.

సెప్టెంబరులో డేవిస్‌ను వెనక్కి పిలిపించారు, కొత్తగా తయారవుతున్న 332వ ఫైటర్ గ్రూపుకు నాయకత్వం వహించడానికి. గ్రూపు అంటే కొన్ని స్క్వాడ్రన్లు కలిసినది. ఇదీ నల్లజాతి పైలట్లదే. ఇంటికి వచ్చేసరికి ఒక నివేదిక ఆయన కోసం కాచుకుని ఉంది. 99వ స్క్వాడ్రన్ ఏ గ్రూపుతో కలిసి పనిచేసిందో, ఆ గ్రూపు కమాండర్ విలియం మోమయర్ రాసినది. ఈ కుర్రవాళ్లలో పోరాడే తెగువ లేదు, శత్రువు ఎదురైతే వరస చెదిరిపోతోంది అన్నది దాని సారం. ఆ కాగితం ఒక్కో మెట్టే ఎక్కి, మెట్టు మెట్టుకూ ఆమోదం పొంది, వైమానిక దళాధిపతి ఆర్నల్డ్ బల్ల మీదికి చేరింది. ఈ దళాన్ని యుద్ధం నుంచి తప్పించి తీరం కాపలాకు పెట్టండి అన్న సిఫారసు కూడా జతపడింది. అదే జరిగి ఉంటే 332వ గ్రూపు కూడా ముందే ముగిసిపోయేది. 1925 నాటి నివేదిక నిజమని మరో ఇరవై ఏళ్లు చెప్పుకునేవారు.

1943 అక్టోబరు 16న యుద్ధ శాఖ కమిటీ ముందు డేవిస్ నిలబడ్డారు. లోపల ఎంత మండి ఉంటుందో మనం ఊహించగలం. ఆయన గొంతు పెంచలేదు, జాతి పేరెత్తి నిందించలేదు. లెక్క చెప్పారు. మిగతా స్క్వాడ్రన్‌లలో ముప్పై నుంచి ముప్పై ఐదు మంది పైలట్లు ఉంటే మాకు ఉన్నది ఇరవై ఆరుగురు. అందువల్ల ఒక్కొక్కరు రోజుకు ఎక్కువసార్లు ఎగరవలసి వచ్చింది. ఏ కొత్త దళంలోనైనా ముందే యుద్ధం చూసినవారు కొందరు ఉండి తక్కినవారికి నేర్పుతారు, మాలో నాతో సహా అలాంటివారు ఒక్కరూ లేరు. మొదట్లో తప్పులు చేశాం, అవి సరిదిద్దుకున్నాం. ఇదీ ఆయన వాదన. తప్పులు లేవని అనలేదు చూశారా! ఆ నిజాయితీయే ఆయన మాటకు బలమైంది.

కమిటీ ఆయన మాట విని ఊరుకోలేదు. మధ్యధరా రంగంలో పి-40 విమానాలు నడిపిన దళాలన్నిటి పనితీరునూ పోల్చి చూడమని ఆదేశాలు వెళ్లాయి. 1944 మార్చిలో ఆ అధ్యయనం పూర్తయింది. 99వ స్క్వాడ్రన్‌కూ మిగతావాటికీ చెప్పుకోదగిన తేడా ఏమీ లేదని తేల్చింది. ఈలోగా ఆకాశంలోనే జవాబు వచ్చేసింది. 1944 జనవరి 27, 28 తేదీల్లో ఇటలీలోని ఆంజియో తీరం మీద 99వ స్క్వాడ్రన్ పైలట్లు రెండు రోజుల్లో పదికి పైగా జర్మన్ విమానాలను కూల్చారు.

ఆ తరవాత 332వ గ్రూపు ఇటలీకి చేరింది. కొన్ని నెలలు తీరం కాపలా, ఆ తరవాత 15వ వైమానిక దళంలో బాంబర్లకు రక్షణ. తూర్పు తీరంలో రామిటెల్లి అనే చోట వారి స్థావరం. జూలైలో పి-51 మస్టాంగులు వచ్చాయి. దూరం నుంచి ఎవరిది ఏ గ్రూపో తెలియడానికి తోకలకు రంగులు వేసేవారు. ఒక గ్రూపుకు పసుపు, ఒక గ్రూపుకు చారలు, మరొక గ్రూపుకు చదరంగం గళ్లు. 332వ గ్రూపుకు ఎరుపు. వారికి 'రెడ్ టెయిల్స్' అనే పేరు అలా వచ్చింది. ఎర్ర తోకలు.

బాంబరు రక్షణ అంటే ఏమిటో కొంచెం చెప్పాలి. నాలుగు ఇంజన్ల బాంబరులో పదిమంది ఉంటారు. అది నిదానంగా, వరుస తప్పకుండా వెళ్లాలి. ఫైటరు వేగం దానికన్నా ఎక్కువ. అందువల్ల పైన అటూ ఇటూ వంకరలు తిరుగుతూ దాన్ని అంటిపెట్టుకుని ఉండాలి. శత్రు విమానాలు వచ్చి, ఆశ పెట్టి, పక్కకు లాగుతాయి. వాటిని తరిమి కూల్చితే పైలట్‌కు పేరు. ఐదు కూల్చినవాడిని 'ఏస్' అంటారు, పత్రికల్లో ఫొటో వేస్తారు. కానీ ఫైటరు అటు వెళ్లిన క్షణంలో ఇటు బాంబరు ఒంటరి అవుతుంది. డేవిస్ ఆజ్ఞ ఒక్కటే. బాంబర్లను వదలవద్దు. పేరు కోసం తరుముకుంటూ వెళ్లవద్దు. కుర్ర పైలట్లు లోలోపల గునిసి ఉంటారు. యుద్ధం ముగిసేసరికి, తరవాత తనలో చేరిన 99వ స్క్వాడ్రన్ ముందు కూల్చినవాటితో కలిపి, ఆ గ్రూపు మొత్తం మీద 112 శత్రు విమానాలను ఆకాశంలో కూల్చింది, అధికారిక లెక్కలో మాత్రం ఒక్క ఏస్ కూడా లేడు. ఆ ఖాళీని నేను ఆయన ఆజ్ఞ పాటించారనడానికి సాక్ష్యంగా తీసుకుంటాను.

ఇక్కడ ఒక సవరణ చేయాలి. ఈ గ్రూపు కాపలా కాసిన బాంబర్లలో ఒక్కటి కూడా శత్రు విమానాలకు చిక్కలేదని చాలాకాలం చెప్పుకున్నారు. నేనూ ఒక కళాశాలలో పిల్లల ముందు అలాగే చెప్పాను. అది నిజం కాదు. తరవాత రికార్డులు తిరగేసి చూస్తే 27 బాంబర్లు పోయినట్టు తేలింది. అదే దళంలోని మిగతా పి-51 గ్రూపుల సగటు 46. సున్నా అన్న మాట వినసొంపుగా ఉంటుంది. కానీ పోయిన ఇరవై ఏడింటిలో ఉన్న మనుషులను మన పొగడ్త కోసం చెరిపేయడానికి మనకు హక్కు లేదు. పైగా 27, 46 అన్న ఆ రెండు అంకెలు చాలు, పొగడ్త విడిగా అక్కరలేదు. కమిటీ ముందు లెక్కలతో నిలబడిన మనిషి గురించి తప్పుడు లెక్క చెప్పకూడదు.

1944 జూన్ 9న మ్యూనిక్ మీదికి వెళ్లిన దాడికి రక్షణగా గ్రూపును డేవిస్ స్వయంగా నడిపించారు. ఆ రోజు నాయకత్వానికి 'డిస్టింగ్విష్డ్ ఫ్లయింగ్ క్రాస్' అనే పతకం వచ్చింది. సెప్టెంబరు 10న రామిటెల్లి మైదానంలో సైనికులంతా వరుసగా నిలబడి ఉండగా ఆ పతకాన్ని ఆయన ఛాతీకి గుచ్చినవారు బ్రిగేడియర్ జనరల్ బెంజమిన్ డేవిస్ సీనియర్. అరుగు మీద దీపం వెలిగించి కూర్చున్న తండ్రి. సైనిక మర్యాద ప్రకారం ఇద్దరూ సెల్యూట్ చేసుకున్నారు.

1945 మార్చి 24న బెర్లిన్ దాకా వెళ్లి రావడం ఆ గ్రూపు చేసిన అతి దూర ప్రయాణాల్లో ఒకటి. రానూ పోనూ దాదాపు 1,600 మైళ్లు. ఆ రోజు ముగ్గురు పైలట్లు జర్మనీ జెట్ విమానాలను కూల్చారు. డేవిస్ మాత్రం దారి మధ్యలో ఇంజను మొరాయించి తిరిగి రావలసి వచ్చింది. గ్రూపు చరిత్రలోకెల్లా పేరుపొందిన రోజున నాయకుడు దిగి ఉన్నాడు, మిగతావారు పని పూర్తి చేసుకుని వచ్చారు. దళాన్ని ఎంత బాగా తయారుచేశారో దాన్నిబట్టి తెలుస్తుంది.

యుద్ధం గెలిచి వచ్చినా సొంత ఊళ్లో వాడ వాడగానే ఉంది. 1945 ఏప్రిల్‌లో ఇండియానాలోని ఫ్రీమన్ ఫీల్డులో నల్లజాతి అధికారులు తెల్లవారి క్లబ్బులోకి నడిచి వెళ్లారు. విడి క్లబ్బుల నిబంధనను ఒప్పుకుంటున్నామని సంతకం చేయమంటే 101 మంది నిరాకరించి అరెస్టయ్యారు. వాళ్లు పనిచేస్తున్న నల్లజాతి బాంబర్ గ్రూపును చక్కదిద్దే బాధ్యత డేవిస్‌కు అప్పగించారు. తరవాత ఒహాయోలోని లాక్‌బర్న్ స్థావరం ఆయన చేతికి వచ్చింది. 1948 జూలై 26న అధ్యక్షుడు ట్రూమన్ సైన్యంలో సమాన అవకాశాలు ఉండాలని ఆజ్ఞ జారీ చేశాడు. వైమానిక దళంలో దాన్ని అమలు చేసే ప్రణాళిక తయారీలో డేవిస్ చేయి ఉంది. తన సొంత దళం రద్దు కావాలని కోరుకున్న కమాండరు ఆయన. విడి దళం అంటూ ఉండకూడదు, మనుషులు పనిని బట్టి అన్ని చోట్లకూ వెళ్లాలి, అదే ఆయన పట్టు. 1949లో విడి దళాలు రద్దవడం మొదలైంది, మిగతా సైనిక విభాగాలకన్నా వైమానిక దళమే ముందు నడిచింది.

ఆ తరవాతి ఇరవై ఏళ్లు పదవుల వరుస, దాన్ని త్వరగా చెబుతాను. కొరియాలో యుద్ధ విరమణ జరిగిన కొద్ది నెలలకు, 1953లో, సేబర్ జెట్ విమానాల 51వ వింగ్‌కు కమాండర్ అయ్యారు. ఇప్పుడు ఆయన కింద ఉన్నవారిలో ఎక్కువమంది తెల్లవారు. 1954 అక్టోబరులో బ్రిగేడియర్ జనరల్, వైమానిక దళంలో తొలి నల్లజాతి జనరల్. తైవాన్, జర్మనీ, మళ్లీ కొరియా. 1965లో లెఫ్టినెంట్ జనరల్. వియత్నాం యుద్ధకాలంలో ఫిలిప్పీన్స్‌లోని 13వ వైమానిక దళానికి అధిపతి. 1970లో విరమణ.

ఆయనతో పనిచేసినవారు చెప్పే మాట ఒకటుంది. చాలా బిగువైన మనిషి. ఆరడుగులు దాటిన విగ్రహం, ఇస్త్రీ నలగని దుస్తులు, నవ్వు అరుదు, చనువు ఇవ్వరు, చిన్న తప్పుకూ వదలరు. కొందరికి భయం, కొందరికి కోపం కూడా ఉండేవి. నాకు అందులో ఆశ్చర్యం కనిపించదు. ఇరవై ఏళ్ల వయసులో ఒక మనిషికి నాలుగేళ్లు ఎవరూ మాట ఇవ్వకపోతే, తరవాత ఆ మనిషి నోట మాటలు తేలికగా ఎలా వస్తాయి? ఆ గాయం ఆయనను గట్టిపరిచిందని కొందరు పొగుడుతారు. నేను ఆ పొగడ్తకు ఒప్పుకోను. గట్టితనం అరుగు మీది నుంచి, అగాథా దగ్గరి నుంచి వచ్చింది. వెలి ఆయన దగ్గర తీసుకున్నదే గాని ఇచ్చింది ఏమీ లేదు.

విరమణ తరవాత కూడా ఊరికే కూర్చోలేదు. 1970లో విమానాల హైజాకింగులు వరుసగా జరుగుతున్నప్పుడు అమెరికా ప్రభుత్వం పౌర విమాన భద్రతను ఆయనకు అప్పగించింది. తరవాత రవాణా శాఖలో సహాయ కార్యదర్శి అయ్యారు. 1973 జనవరి నుంచి ఆ దేశంలో విమానం ఎక్కే ప్రతి ప్రయాణికుడినీ, చేతి సంచినీ తనిఖీ చేయడం తప్పనిసరి అయింది. అమెరికాలో పిల్లలున్న తల్లిదండ్రులు ఈ సభలో చాలామంది ఉన్నారు. అక్కడి విమానాశ్రయంలో ఆవకాయ సీసాతో సహా సంచిని యంత్రంలో పెట్టేటప్పుడు, ఆ ఏర్పాటు బలపడిన తొలి రోజుల్లో బాధ్యత మోసిన మనిషి ఈయనని గుర్తుచేసుకోండి.

1998 డిసెంబరు 9న, ఆయనకు ఎనభై ఆరో ఏడు నిండడానికి తొమ్మిది రోజుల ముందు, అధ్యక్షుడు క్లింటన్ నాలుగో నక్షత్రం ఇచ్చి పూర్తి జనరల్ హోదా కల్పించారు. విరమించిన ఇరవై ఎనిమిదేళ్లకు. 2002 మార్చిలో అగాథా గారు కన్నుమూశారు. అరవై ఐదేళ్ల దాంపత్యం. నాలుగు నెలలకు, జూలై 4న, ఆయన కూడా వెళ్లిపోయారు. జూలై 17న ఆర్లింగ్టన్ శ్మశానంలో సైనిక లాంఛనాలతో అంత్యక్రియలు జరిగాయి. ఆ సమయంలో ఎర్ర తోక మస్టాంగ్ విమానం ఒకటి పైనుంచి ఎగిరి వెళ్లింది.

2017లో వెస్ట్ పాయింట్‌లో విద్యార్థుల కోసం కొత్త వసతి గృహం తెరిచారు. దానికి డేవిస్ బ్యారక్స్ అని పేరు పెట్టారు.

మా ఊరి ఆ పిల్లవాడి సంగతి ఏమైందని మీలో కొందరు అడుగుతారేమో, అందుకని ముందే చెబుతున్నాను. ఆ సంవత్సరమే ఆ కుటుంబం ఊరు విడిచి వెళ్లింది. నేను దళంలో చేరాక సెలవులకు వచ్చినప్పుడల్లా వాకబు చేశాను. ఆచూకీ తెలియలేదు.

ఇక మీ ప్రశ్నలు. ముందు వరుసలో ఎన్‌సీసీ దుస్తుల్లో ఉన్న అమ్మాయి చాలాసేపటి నుంచి చేయి ఎత్తి ఉంచింది. అడుగమ్మా.